ఊడ్చిన ఇల్లు ఎంతకాలం ఖాళీగా ఉంటుంది?

రాజధానిలో కూర్చుని వారం వారం రాసే ఈ శీర్షికకు సాధారణంగా పార్లమెంటు మెట్ల మీదనో, మంత్రుల గుమ్మాల ముందో ముడిసరుకు దొరుకుతుంది. ఈ వారం మాత్రం అది హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరాన, ఖరగ్‌పూర్ పట్టణంలోని సుభాష్‌పల్లిలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక రైల్వే కార్మికుని ఇంటి వరండాలో దొరికింది. ఢిల్లీలో ఎన్నోసార్లు విని, ఎన్నడూ సమాధానపడలేకపోయిన ఒక ప్రశ్నకు ఆ వరండాలో సగం జవాబు లభించింది. మిగిలిన సగం ఆ ఇంటి గుమ్మంలోనే ఇంకా నిలబడి ఉంది.

ఆ ప్రశ్న చాలా పాతది. ఒక అలవాటు తనను చెరుపుతున్నదని తెలిసి కూడా మనిషి దానిని ఎందుకు మానలేడు? మానగలిగినవాడు దేనివల్ల మానగలుగుతున్నాడు? చట్టం వల్లనా, భయం వల్లనా, భక్తి వల్లనా?

చట్టం సంగతి ముందు చూద్దాం. ఢిల్లీ విలేకరికి అలవాటైన దారి అది. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాలను, ఔషధాలకు తప్ప, నిషేధించడానికి ప్రభుత్వం కృషి చేయాలని ఆదేశిస్తుంది. ఆ అధికరణం చర్చకు వచ్చిన 1948 నవంబరు 24న రాజ్యాంగసభలో దానిని గట్టిగా వ్యతిరేకించిన వారిలో జైపాల్ సింగ్ ఒకరు. ఆయన ఆదివాసి; క్రైస్తవ పాఠశాలలో చదివి క్రైస్తవుడైనవాడు; 1928 ఒలింపిక్ హాకీ జట్టు నాయకుడు. ఆదివాసులకు బియ్యపు కల్లు కేవలం మత్తు పదార్థం కాదనీ, పూజలోనూ పండుగలోనూ నిత్య జీవితంలోనూ భాగమనీ, అది లేకుంటే పశ్చిమ బెంగాల్‌లో సంతాల్ కూలీలతో వరినాట్లు సాగవనీ ఆయన వాదించారు. ఒకరికి పాపమైనది మరొకరికి ప్రసాదం కావచ్చునని సభకు గుర్తు చేసిన ఆ మాటను కొట్టిపారవేయలేము. అయినా అధికరణం ఆమోదం పొందింది. అమలు మాత్రం రాష్ట్రాల ఖజానాల దయకు మిగిలిపోయింది.

ఖజానా దయ ఎటువంటిదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 1937లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలోని సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించి, తరువాత దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేశారు. పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. నిషేధం తరువాతి కాలంలో సడలిపోయింది. పన్ను మాత్రం పోలేదు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వం పతనమైనది కూడా మద్యనిషేధం సమస్య మీదనే, ఒక్క ఓటు తేడాతో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమ ధాటికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది ఎత్తివేతకు గురైంది. 2019లో దశలవారీ నిషేధమంటూ ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2024 అక్టోబరులో తిరిగి ప్రైవేటు వారి చేతికి వెళ్ళాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం దేశంలో పదిహేనేళ్ళు నిండిన మగవారిలో సుమారు 19 శాతం మంది తాగుతుండగా, తెలంగాణలో ఆ సంఖ్య 43 శాతం.

ఇంత చట్టం నడిచినా ఇంత తాగుడు మిగిలిందంటే, తాళం వేయవలసిన తలుపు ఒక్క దుకాణానిదే కాదని అర్థం. ఆ రెండో తలుపును చూడడానికే నేను ఖరగ్‌పూర్ వెళ్ళాను.

ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే చాలామందికి ఐ.ఐ.టి. గుర్తుకు వస్తుంది. హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో ఆ విద్యాసంస్థ వెలసింది. రైలు ప్రయాణీకులకు గుర్తుకు వచ్చేది వెయ్యి మీటర్లకు పైబడి, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపొందిన ప్లాట్‌ఫారం. తెలుగువారికి మాత్రం ఈ ఊరు బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి మూడు నాలుగు తరాల కిందట ఇక్కడికి వచ్చి, బాయిలర్ల వేడిలోనూ సుత్తుల మోతలోనూ స్థిరపడిన వారి సంతానం ఇంకా ఇక్కడ తెలుగే మాట్లాడుతున్నది. 1920లలో వరాహగిరి వెంకటగిరిగారు ఈ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించారు. 1927లో ఇక్కడి సమ్మెలు దేశమంతటా వినిపించాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి దృష్టీ ఈ ఊరి మీదనే నిలిచింది.

సుభాష్‌పల్లి ఈ పట్టణంలో ఒక పేట. నేతాజీ పేరు పెట్టుకున్న ఆ పేటలో సాయంకాలం నడుస్తుంటే ఒక కిటికీ నుంచి బెంగాలీ వార్తలు, పక్క కిటికీ నుంచి తెలుగు సినిమా పాట వినిపించాయి. మూడో ఇంటి నుంచి వినిపించినది తెలుగు ప్రార్థన. నేను క్రైస్తవుణ్ణి కాను. నన్ను ఆ ఇంటికి తీసుకువెళ్ళిన మిత్రుడూ కాడు. అయినా ఆ పెద్దాయన మమ్మల్ని గుమ్మం దగ్గరే చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాడు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన దాచమన్నందువల్ల కాదు. ఆయనతో పాటు ఆ ఇంట్లో మరొకరున్నందువల్ల.

ఆయన తండ్రి టెక్కలి ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ముప్పై ఆరేళ్ళు పని చేసి విరమించాడు. మొదటి పన్నెండేళ్ళ సంగతి ఆయన ఏ సంకోచమూ లేకుండా చెప్పాడు. జీతాల రోజు సాయంకాలం సైరను మోగిన వెంటనే గేటు బయట ముగ్గురు ఎదురుచూసేవారట: వడ్డీకిచ్చినవాడు, సారా దుకాణం కుర్రవాడు, చంకలో బిడ్డతో భార్య. "నేను ఎప్పుడూ ఆ వరసలోనే జీతం పంచినాను బాబూ! ఆడదాని దగ్గరికొచ్చేసరికి జేబులో చిల్లరే మిగిలేది" అన్నాడు.

అప్పుడొక ఉజ్జీవ కూటంలో మనసు కరిగింది. కన్నీళ్ళతో ఒప్పుకున్నాడు, బాప్తిస్మం పొందాడు. ఇలాంటి కథలు సాధారణంగా అక్కడితో ముగుస్తాయి. ఈయన కథ అక్కడ మొదలైంది. "ఏటి సెప్పమంటారు బాబూ! బాప్తిస్మం నీళ్ళు ఆరకముందే మళ్ళీ తాగేసినాను. పదకొండు వారాలు, లెక్కెట్టుకోండి. తాగి ఇంటికొచ్చి, ప్రార్థన చేసి పడుకున్నాను కూడాను."

ఈ మాట విన్నప్పుడు నాకు పౌలు గుర్తుకు వచ్చాడు. రోమీయులకు రాసిన పత్రిక ఏడో అధ్యాయంలో ఆ అపొస్తలుడు తాను చేయగోరిన మేలు చేయలేక, వద్దనుకున్న కీడునే చేస్తున్నానని మొరపెట్టుకుంటాడు. క్రైస్తవ ధర్మంలో పాపమనే మాటకు తప్పు చేయడమన్న అర్థం మాత్రమే కాదు, తన చేయి తన మాట వినకపోవడమన్న అర్థం కూడా ఉన్నది. అందువల్లనే నమ్మకం కలిగిన మరునాడే అలవాటు పోతుందని ఆ గ్రంథం ఎవరికీ సులువైన హామీ ఇవ్వదు. నమ్మకానికి వెంట విధేయత కావాలంటుంది. అలవాటుతో పోరాడుతున్న మనిషి ఆ రెంటి నడుమనే చాలాకాలం గడపవలసి వస్తుంది.

మరి ఆయన విధేయత ఏ రూపంలో వచ్చింది? అప్పటి పాస్టరుగారు ఆయనను సంఘం నుంచి వెలివేయలేదు. పర్వాలేదులే అని ఊరుకోనూ లేదు. మూడు పనులు చెప్పారు. మొదటిది, తప్పును పెద్దల ముందు దాచకుండా ఒప్పుకోవడం. రెండోది, జీతాల రోజు సంఘ పెద్దలిద్దరు గేటు దగ్గరికి వచ్చి ఆయనతో ఇంటిదాకా నడవడం, వారి కళ్ళ ముందే జీతం భార్య చేతిలో పెట్టడం. మూడోది, సైరను మోగే వేళకు, అంటే గొంతు ఎండి కాళ్ళు దుకాణం వైపు లాగే వేళకు, ఎక్కడ ఉంటే అక్కడే నిలబడి ప్రార్థన చేయడం. పొద్దున్నే మనసు నిర్మలంగా ఉన్నప్పుడు చేసే ప్రార్థన ఆ రోగానికి చాలదని ఆయన అన్నారట.

నాలుగో పని ఎవరూ చెప్పలేదు, ఆయనే కనిపెట్టాడు. వర్క్‌షాపు నుంచి ఇంటికి దగ్గర దారి దుకాణం ముందునుంచి పోతుంది. ఆయన చుట్టుదారి పట్టాడు. రోజుకు ఇరవై నిమిషాలు ఎక్కువ. వానలోనూ ఎండలోనూ, ఉద్యోగం ముగిసేదాకా ఇరవై నాలుగేళ్ళు ఆ చుట్టుదారినే నడిచాడు. "బాబూ, దేవుడు నా దాహం ఒకేసారి తీసేయలేదు. దారి సూపించినాడు. నడవడం నా వంతు" అన్నాడు. నేను విన్న ఉపన్యాసాలలో విధేయతకు ఇంతకన్నా స్పష్టమైన నిర్వచనం లేదు.

ఇంకొక మాట ఆయన చెప్పకున్నా అడిగి తెలుసుకున్నాను. మానిన మొదటి వారంలో చేతులు వణికి, మాట తడబడి, లేనివి కనిపించసాగితే పాస్టరుగారు ప్రార్థన చేసి ఊరుకోలేదు. ఆయనను ఆసుపత్రిలో చేర్పించారు. ఇది ముఖ్యం. ఏళ్ళ తరబడి బాగా తాగినవాడు హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. మద్య వ్యసనాన్ని వైద్యశాస్త్రం రోగంగానే పరిగణిస్తుంది. పాపమన్న మాట రోగికి మందు అందకుండా అడ్డుపడితే అది భక్తి కాదు. ఈ రెండు దృష్టులూ కలిసి నడవగలవని 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ చూపింది. తాగుడుతో చితికిన ఇద్దరు, అందులో ఒకరు వైద్యుడు, ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం నుంచి తప్పు ఒప్పుకోవడం, పైశక్తికి లొంగిపోవడం, తోటివానికి తోడు నిలవడం అనే పద్ధతులు తీసుకుని దానిని నెలకొల్పారు. సుభాష్‌పల్లి పాస్టరుగారు ఆ సంస్థ పేరు విన్నారో లేదో తెలియదు. పద్ధతి మాత్రం అదే.

ఈ పద్ధతి తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు. 1835లో బోస్టన్ నుంచి బయలుదేరిన ఒకే ఓడలో వచ్చిన మిషనరీలలో నోయిస్, ఫిలిప్స్ అనే ఇద్దరు ఒరిస్సాకు వెళ్ళారు. వారు నాటిన మిషన్ తరువాత ఈ మిడ్నపూర్ జిల్లాకు పాకింది. అదే ఓడలో వచ్చిన శామ్యూల్ డే తెలుగు దేశానికి వచ్చి, మొదట విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలలో ఉండి, 1840లో నెల్లూరు చేరాడు. ఆ నెల్లూరు మిషన్ నుంచే ఒంగోలుకు జాన్ క్లౌ వెళ్ళాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వడం జరిగిందని ప్రసిద్ధి. ఆ మాదిగ విశ్వాసులకు సంఘం పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. వినడానికి చిన్నవే. ఆదివారం పొలానికి రానన్న మాదిగవానికి, జాతరలో డప్పు కొట్టనన్న మాదిగవానికి ఊరిపెద్దల నుంచి ఎదురైన కక్ష చిన్నది కాదు. విధేయతకు వారు చెల్లించిన మూల్యం అది.

1912 డిసెంబరులో కలకత్తా సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పుగా దోర్నకల్ పీఠమెక్కిన వి.ఎస్. అజరయ్యగారు పల్లెలను పట్టిన దయ్యాలు నాలుగని చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఆయన తాగుడును ఒంటరిగా లెక్కించకపోవడం గమనించదగ్గది. అప్పులవాడూ, సారావాడూ ఒకే గేటు ముందు నిలబడతారని సుభాష్‌పల్లి పెద్దాయన చెప్పినది ఆ మాటే.

అయితే నా మనసులో ఒక శంక మిగిలి ఉంది. అట్టడుగు కులాల అలవాట్లను పాపాల పట్టికలో చేర్చి, పెద్దవాళ్ళ పాపాలను దానధర్మాల పద్దులో వేయడం మన సంఘసంస్కరణకు పాత జబ్బు. సారా తాగే కూలీ పాపి అయితే, ఆ సారా వేలంపాటతో బడ్జెట్టు నింపుకున్నవారు ఎవరు? జైపాల్ సింగ్ ప్రశ్న ఇక్కడ మళ్ళీ వినిపిస్తుంది. ఈ శంక పెద్దాయన ముందు పెట్టాను. ఆయన కంటే ముందు ఆయన భార్య జవాబు చెప్పింది. అంతదాకా ఆమె వంటగది గుమ్మంలో చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "పాపం ఎవరిదో మీరు తేల్చుకోండి బాబూ. ఉపవాసాలున్నది మాత్రం నేనూ, నా పిల్లలూ" అన్నది. ఆ మాట తరువాత కొంతసేపు ఎవరమూ ఏమీ అనలేదు. దూబగుంటలో ఆ రాత్రిబడిలో కూర్చున్న స్త్రీలు కూడా బహుశా సిద్ధాంతం కోసం లేచి ఉండరు.

ఇంతకుముందు మరొకరున్నారని చెప్పాను. ఆయన పెద్ద కుమారుడు. నలభై దాటాయి. కాంట్రాక్టు పని. ప్రార్థన జరుగుతున్నంతసేపూ గుమ్మం మెట్టు మీద, బయటికి తిరిగి కూర్చున్నాడు. తాగుతాడు. ఈ సంగతి దాచాలని ఇంట్లో ఎవరూ ప్రయత్నించలేదు. నేను పక్కన కూర్చుంటే అతనే అన్నాడు: "మా నాన్న రోజూ నాకోసం ప్రార్థన చేస్తారు సార్. ఆయన దేవుడు ఆయనకి పని చేశాడు. నాకు చెయ్యలేదు. నాకు జీతం చేతికి రాదు, బ్యాంకులో పడుతుంది. ఫోనుతో ఎక్కడైనా కట్టొచ్చు. ఇద్దరు పెద్దమనుషులు ఏ గేటు దగ్గర నిలబడతారు నాకోసం?"

జవాబు చెప్పలేకపోయాను. వెక్కిరింపుగా అన్న మాట కాదది, సరైన ప్రశ్న. తండ్రి తరంలో అలవాటుకు ఒక చోటు, ఒక వేళ, ఒక దారి ఉండేవి. అందువల్ల విధేయతకూ ఒక దారి దొరికింది. ఇప్పుడు ప్రలోభం జేబులోనే ఉంటుంది. బెంగాల్‌లో దుకాణం లేని చోట కూడా సారా ఉంటుందని 2011 డిసెంబరులో సంగ్రాంపూర్ కల్తీసారా నూట డెబ్భై మందికి పైగా ప్రాణాలు తీసి నిరూపించింది. చుట్టుదారులు తగ్గిపోయాయి.

పెద్దాయన మా మాటలు విన్నాడు. కొడుకును మందలించలేదు. నా వైపు తిరిగి మత్తయి సువార్తలోని ఒక ఉపమానం గుర్తు చేశాడు. ఒక మనిషిని వదిలిన దయ్యం కొంతకాలం తిరిగి తిరిగి వెనక్కి వస్తుంది. ఇల్లు ఊడ్చి, సర్ది, ఖాళీగా ఉంటుంది. అప్పుడది తనకంటే చెడ్డవాటిని మరి ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చి కాపురం పెడుతుంది. "మానడమంటే ఊడవడమే బాబూ. నేను ఊడ్చినప్పుడు మా ఇంట్లోకి మనుషులొచ్చినారు. పాస్టరుగారొచ్చినారు, పెద్దలొచ్చినారు, సాయంత్రం పాట వొచ్చింది. వీడు కూడా రెండుసార్లు ఊడ్చుకున్నాడు. ఎవరం ఎల్లలేదు. నేను మోకాళ్ళ మీదే ఉండిపోయినాను." చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మారింది. ప్రార్థన ఫలించిన మనిషి తన ప్రార్థనలోని లోపాన్ని పరాయివాడి ముందు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఢిల్లీలో నాకు దొరకని సగం జవాబు ఇదేనని తోచింది. 47వ అధికరణం చేయగలిగినది ఊడవడం. అది చిన్న పని కాదు. దుకాణం మూసిన రోజున ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది. కానీ 1995లో ఊడ్చిన ఇంటిని ప్రభుత్వం ఖాళీగా వదిలివేసింది; రెండేళ్ళు తిరగకుండానే దొంగసారా, పొరుగు రాష్ట్రాల సరుకు, ఖజానా లోటు ముగ్గురూ కలిసి వచ్చి కాపురం పెట్టారు. దూబగుంట స్త్రీలు మొదట తెచ్చుకున్నది అక్షరాలు, ఒకరికొకరి తోడు. నిషేధం తరువాత వచ్చింది. సుభాష్‌పల్లి సంఘం ఒక మనిషి ఇంటిని ప్రార్థనతోనూ, కనిపెట్టుకుని ఉండే కళ్ళతోనూ నింపింది. విశ్వాసం ఉన్నవారు దానిని దేవుని కృప అంటారు. ఆ మాటను కాదనే అధికారం నాకు లేదు. ఆ కృప చుట్టుదారిన ఇద్దరు పెద్దమనుషుల కాళ్ళతో నడిచి వచ్చిందని మాత్రం చెప్పగలను.

రాత్రి రైలు వేళ అయింది. స్టేషనుదాకా వస్తానని పెద్దాయన చేతికర్ర తీసుకున్నాడు. మోకాళ్ళ నొప్పులు, వద్దన్నా వినలేదు. నాలుగడుగులు వేశాక వెనుక చెప్పుల చప్పుడైంది. కొడుకు నా సంచీ అందుకున్నాడు. వీధి మలుపులో దగ్గర దారి ఎడమకు తిరుగుతుంది. పెద్దాయన ఏమీ అనకుండా కుడివైపు తిరిగాడు. కొడుకు ఒక్క క్షణం ఆగాడు. తరువాత తండ్రి భుజం కింద చేయి వేసి, ఆ పక్కకే నడిచాడు.

ఆ ఒక్క రాత్రి నడక మీద ఏ సిద్ధాంతమూ కట్టను. వచ్చే జీతాల రోజున ఏమవుతుందో చెప్పే శక్తి విలేకరికి లేదు. సంచీ పట్టుకుని నడుస్తున్న ఆ నలభై ఏళ్ళ మనిషి స్టేషను వచ్చేదాకా ఒక్కసారి కూడా ఫోను తీయలేదు. అది మాత్రం చూశాను.